సెన్సర్ రీడింగులకు వెబ్ ఏపీఐ: రెండుసార్లు వచ్చినా, ఆలస్యంగా వచ్చినా లెక్క తప్పకుండా

సెన్సర్ తగిలించిన పరికరం ఒక రీడింగ్‌ని ఏపీఐకి, అంటే సర్వర్ డేటా అందుకునే ద్వారానికి, పంపింది. సర్వర్ దాన్ని డేటాబేస్‌లో రాసుకుంది. ‘అందింది’ అన్న జవాబు మాత్రం దారిలోనే పోయింది. పరికరానికి తెలిసిందల్లా జవాబు రాలేదన్నదే, కాబట్టి అదే రీడింగ్‌ని మళ్లీ పంపుతుంది. ఇప్పుడు డేటాబేస్‌లో అది రెండుసార్లు ఉంది. ఉష్ణోగ్రత అయితే సగటు కాస్త జరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. నీటి మీటర్ పల్సులైతే (ఇన్ని నీళ్లకు ఒకటి చొప్పున మీటర్ ఇచ్చే సంకేతాలు) ఆ నిమిషంలో వాడిన నీళ్లు రెట్టింపు అవుతాయి.

దీనికి భయపడి మళ్లీ పంపడం మానేస్తే నెట్ పోయిన ప్రతిసారీ రీడింగులు పోతాయి. అందుకని పరికరాన్ని ఎన్నిసార్లయినా పంపనివ్వాలి, ఎన్నిసార్లు వచ్చినా సర్వర్ ఒక్కటిగానే లెక్కపెట్టాలి. టేబుళ్లు, సమయం, జవాబు కోడ్‌లు, పరికరంలోని క్యూ అన్నీ ఈ ఒక్క నియమం మీదే కడతాం. కింద చెప్పే వివరాలు ఈఎస్‌పీ32 తరగతి బోర్డు (చిన్న మైక్రోకంట్రోలర్), వైఫై, సర్వర్ మీద పైథాన్, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ లేదా ఎస్‌క్యూలైట్ ఉన్నాయనుకుని రాసినవి. వేరే బోర్డు, వేరే భాష అయినా లెక్క మారదు.

రీడింగ్‌కి ఒక ఐడీ

రెండుసార్లు వచ్చినదాన్ని గుర్తుపట్టాలంటే ప్రతి రీడింగ్‌కీ పుట్టుకతోనే ఒక ఐడీ ఉండాలి, దాన్ని పరికరమే ఇవ్వాలి. సర్వర్ ఇచ్చే ఆటో నంబర్ ఇందుకు పనికిరాదు. అదే రీడింగ్ రెండోసారి వస్తే సర్వర్ కొత్త నంబర్ ఇచ్చేస్తుంది.

చాలామంది సెన్సర్ నంబర్, సమయం కలిపి ఐడీగా వాడతారు. నిమిషానికో రీడింగ్ అయితే ఇది చాలావరకు నడుస్తుంది. కానీ పరికరం గడియారం ఎన్‌టీపీతో (నెట్ మీద సరైన సమయం తెచ్చుకునే పద్ధతి) సరిచూసుకున్నప్పుడు ఒకటి రెండు సెకన్లు వెనక్కి జరగొచ్చు. అప్పుడు రెండు వేర్వేరు రీడింగులకు ఒకే సమయం పడుతుంది, రెండోది నకలు అనుకుని సర్వర్ పారేస్తుంది. సెకనులోపే పలుమార్లు కొలిచే చోట ఇది ఇంకా ఎక్కువ.

ఇంతకంటే గట్టి పద్ధతి: పరికరం నంబర్, బూట్ సంఖ్య, వరుస సంఖ్య. వరుస సంఖ్య పరికరం మొదలైనప్పుడు సున్నాతో మొదలై ప్రతి రీడింగ్‌కీ ఒకటి పెరుగుతుంది. బూట్ సంఖ్య అంటే కరెంటు వచ్చి బోర్డు మొదలైనప్పుడు ఒక్కసారి తీసుకునే 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య. బూట్ సంఖ్యను కూడా ఒకటి, రెండు, మూడు అని పెంచుతూ ఫ్లాష్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీ) దాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) ఎక్కించేటప్పుడు ఎవరైనా ఫ్లాష్ మొత్తం చెరిపితే ఆ లెక్క మళ్లీ ఒకటికి వస్తుంది. కొత్త రీడింగుల ఐడీలు పాత వాటితో కలిసిపోతాయి, సర్వర్ వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యతో ఈ బెడద లేదు.

రెండు జాగ్రత్తలు. ఈఎస్‌పీ32లో రేడియో ఆన్ అయ్యాకే నిజమైన యాదృచ్ఛిక సంఖ్య దొరుకుతుంది, కాబట్టి వైఫై మొదలుపెట్టాక ఆ సంఖ్య తీసుకోండి. కనెక్ట్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. డీప్ స్లీప్ (కొలతల మధ్య బోర్డుని నిద్రపుచ్చడం) వాడుతుంటే బూట్ సంఖ్య, వరుస సంఖ్య రెండూ ఆ నిద్రలో కూడా చెరగని ఆర్‌టీసీ మెమరీలో పెట్టండి. లేకపోతే లేచిన ప్రతిసారీ కొత్త బూట్ అవుతుంది, వరుస ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది.

టేబుళ్లు

మూడు చాలు: పరికరాలు, సెన్సర్లు, రీడింగులు.

సెన్సర్ల టేబుల్‌లో ఏం కొలుస్తుంది, ఏ యూనిట్, ఏ పరికరానికి తగిలించి ఉంది, ఎక్కడ ఉంది, ఎన్ని సెకన్లకోసారి రీడింగ్ రావాలి, నమ్మదగిన కనిష్ఠం, గరిష్ఠం ఎంత అన్నవి ఉంటాయి. యూనిట్ ఇక్కడే ఉండాలి. ప్రతి రీడింగ్‌తో పాటు పంపితే ఏదో ఒక రోజు ఒక పరికరం ఫారెన్‌హీట్ అని పంపుతుంది, గ్రాఫ్ గీసే కోడ్ దాన్ని సెల్సియస్ అనుకుంటుంది.

సెన్సర్ పాడై కొత్తది బిగిస్తే పాత నంబరే కొనసాగించకండి. కొత్త నంబర్ ఇచ్చి, స్థానం మాత్రం అదే ఉంచండి. ఒకే మోడల్ అయినా రెండు ముక్కలు కచ్చితంగా ఒకేలా కొలవవు. ఉష్ణోగ్రత, తేమ కొలిచే డీహెచ్‌టీ22 సెన్సర్‌కి తయారీదారు చెప్పే తేడాయే ప్లస్ లేదా మైనస్ అర డిగ్రీ. నంబర్ మార్చకపోతే బిగించిన రోజు గ్రాఫ్‌లో కనిపించే ఆ మెట్టు సెన్సర్‌దో వాతావరణానిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

రీడింగుల టేబుల్‌లో పరికరం, బూట్, వరుస, సెన్సర్, కొలిచిన సమయం, సర్వర్‌కి అందిన సమయం, విలువ, నాణ్యత గుర్తు ఉంటాయి. మొదటి మూడూ కలిపి ప్రైమరీ కీ, అంటే రెండు రికార్డులకు ఒకేలా ఉండకూడని గుర్తు. సెన్సర్, కొలిచిన సమయం మీద ఇంకో ఇండెక్స్. బూట్ కాలమ్‌ని బిగ్‌ఇంట్‌గా పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు ఇంటిజర్ 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యల్లో సగం దానికి పైనే ఉంటాయి, అంటే సగం బూట్లు బాగా నడిచి సగం కారణం తెలియకుండా విఫలమవుతాయి. ఇలాంటి లోపం వెతకడం మహా చిరాకు.

విలువ కాలమ్‌లో సెన్సర్ ఇచ్చినదే ఉండాలి. కాలిబ్రేషన్ సవరణ వేరే టేబుల్‌లో ‘ఫలానా తేదీ నుంచి ఇంత కలపాలి’ అని ఉంచి, చదివేటప్పుడు కలపండి. సవరణే తప్పని తేలితే ఒక్క రికార్డు మార్చడంతో సరిపోతుంది.

ఎంత చోటు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. 40 సెన్సర్లు, నిమిషానికో రీడింగ్ అంటే రోజుకి 57,600, ఏడాదికి 2.1 కోట్లు. ఇండెక్సులతో కలిపి రికార్డుకి సుమారు 130 బైట్లు అనుకున్నా ఏడాదికి 2.7 గిగాబైట్లు. పోస్ట్‌గ్రెస్‌కి ఇది పెద్ద భారం కాదు. అంతకు పదింతలైతే నెలకో పార్టిషన్ (టేబుల్‌లో విడి భాగం) చేయండి. పాత నెలను తీసేయాలంటే కోట్ల రికార్డులు డిలీట్ చేసే బదులు ఒక పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే సరి. ఎస్‌క్యూలైట్ వాడితే డబ్ల్యూఏఎల్ మోడ్ (మార్పులను ముందు వేరే లాగ్‌లో రాసే పద్ధతి) ఆన్ చేయండి, రాస్తున్నప్పుడు చదివేవాళ్లు ఆగక్కర్లేదు. ఒకసారికి ఒక్కరే రాయగలరన్న పరిమితి మాత్రం అలాగే ఉంటుంది.

మీ డేటా ఇతర సంస్థలతో పంచుకోవాల్సి ఉంటే భౌగోళిక డేటా ప్రమాణాలు తయారుచేసే ఓజీసీ వారి సెన్సర్‌థింగ్స్ ఏపీఐ ప్రమాణం ఒకసారి చూడండి. 2016లో వచ్చింది. అందులో పరిశీలన జరిగిన సమయం, ఫలితం తయారైన సమయం వేర్వేరు ఫీల్డులు. ఒక సెన్సర్, ఒక కొలత, ఒక యూనిట్ కలిపి ఒక డేటాస్ట్రీమ్ అవుతుంది. సొంత వాడకానికి ఆ ప్రమాణం మొత్తం అమలు చేయడం బరువే. ఆ విభజన మాత్రం తీసుకోదగ్గది.

సమయం ఎవరు వేయాలి

కొలిచిన క్షణంలో పరికరమే వేయాలి. సర్వర్ వేస్తే, రెండు గంటలు నెట్ లేక ఆగిన 120 రీడింగులూ ఒకే సెకనులో కొలిచినట్టు నమోదవుతాయి. అందిన సమయాన్ని కూడా వేరే కాలమ్‌లో ఉంచితే, రెండింటి తేడాలో నెట్ ఎప్పుడు పోయిందో కనిపిస్తుంది.

పంపేది యూటీసీలోనే, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా పంపండి. స్థానిక సమయంలోకి మార్చడం తెర మీద చూపేటప్పటి పని. ఈ సెకన్లను ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల రకం) పెట్టకండి. 32 బిట్ల ఫ్లోట్‌కి 24 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది. ఇప్పటి సెకన్ల సంఖ్య అంత పెద్దదైతే అది 128 సెకన్ల మెట్లలో తప్ప నిలవదు. అప్పుడు రీడింగులన్నీ రెండు నిమిషాలకోసారి గుంపుగా వచ్చినట్టు కనిపిస్తాయి, నెట్‌వర్క్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. చిహ్నం లేని (అన్‌సైన్డ్) 32 బిట్ల పూర్ణాంకం వాడండి. చిహ్నం ఉన్నదైతే 2038 జనవరి 19న పొంగిపోతుంది.

బోర్డు మొదలైనప్పుడు గడియారం 1970లో ఉంటుంది. ఎన్‌టీపీ జవాబు రాకముందు కొలిచిన వాటిని అలాగే పంపితే గ్రాఫ్ ఎడమ చివర 50 ఏళ్ల వెనక్కి సాగుతుంది. అందుకని గడియారం కుదరనంతవరకు రీడింగ్‌తో పాటు మిల్లీసెకన్ల కౌంటర్ విలువ దాచండి. ఎన్‌టీపీ దొరికాక ఇప్పటి కౌంటర్‌కీ అప్పటి కౌంటర్‌కీ ఉన్న తేడాను ఇప్పటి సమయంలోంచి తీసేస్తే కొలిచిన సమయం వస్తుంది. 32 బిట్ల మిల్లీసెకన్ల కౌంటర్ 49.7 రోజులకు మళ్లీ సున్నా అవుతుంది. చిహ్నం లేని సంఖ్యలతో తీసివేస్తే ఒక చుట్టు దాటినా తేడా సరిగానే వస్తుంది. సర్వర్ వైపు కూడా కాపలా పెట్టండి: ప్రాజెక్టు మొదలైన తేదీకి ముందుదైనా, ఇప్పటికంటే అయిదు నిమిషాలకు మించి ముందుకు ఉన్నదైనా తిరస్కరించాలి.

ఇంకో చిక్కు ఉంది. హెచ్‌టీటీపీఎస్‌లో సర్వర్ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ తేదీలు సరిచూడాలంటే పరికరం గడియారం కుదిరి ఉండాలి. 1970లో ఉన్న బోర్డుకి సర్టిఫికెట్ ఇంకా మొదలుకానట్టు కనిపిస్తుంది, కనెక్షన్ తెగుతుంది. కాబట్టి ఎన్‌టీపీ ముందు, ఏపీఐ తర్వాత. ఎన్‌టీపీ యూడీపీ మీద నడుస్తుంది, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. బోర్డులో పెట్టే సర్టిఫికెట్ రూట్ సంస్థది (సర్వర్ సర్టిఫికెట్‌కి మూలంగా నిలిచే సంస్థ) అయి ఉండాలి. సర్వర్‌ది పెడితే అది మారిన రోజు పరికరాలన్నీ ఒకేసారి మూగబోతాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లయితే 90 రోజులు దాటవు.

పంపే ఎండ్‌పాయింట్

ఒకే పోస్ట్ ఎండ్‌పాయింట్ (పరికరం డేటా పంపే వెబ్ అడ్రస్), బ్యాచ్‌గా, అంటే ఒకసారికి కొన్ని రీడింగులు కలిపి. ఒక్క రీడింగ్ ఉన్నా జాబితాలోనే పంపాలి, రెండు రకాల కోడ్ దారులు వద్దు. పంపేది జేసన్ అనే టెక్స్ట్ రూపంలో. ఫీల్డుల పేర్లు మీ ఇష్టం, ఆకారం ఇలా ఉంటే చాలు:

{
  "పరికరం": 7,
  "రీడింగులు": [
    {"సెన్సర్": 21, "బూట్": 2914406137, "వరుస": 4512, "సమయం": 1735689600, "విలువ": 24.3},
    {"సెన్సర్": 22, "బూట్": 2914406137, "వరుస": 4513, "సమయం": 1735689600, "విలువ": 61.8},
    {"సెన్సర్": 21, "బూట్": 2914406137, "వరుస": 4514, "సమయం": 1735689660, "విలువ": 24.4}
  ]
}

బూట్ సంఖ్య బ్యాచ్‌కి ఒకటి కాకుండా ప్రతి రీడింగ్‌లో ఉండడానికి కారణం ఉంది. కరెంటు పోకముందు దాచినవి, వచ్చాక కొలిచినవి ఒకే బ్యాచ్‌లో పడొచ్చు.

సర్వర్ ప్రతి రీడింగ్‌నీ విడిగా సరిచూసి, బాగున్నవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిపి ఒకేసారి ఖరారయ్యే పని) ఇన్సర్ట్ చేయాలి. ఆ వాక్యం చివర ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ ఉండాలి, అంటే అదే కీ ఇప్పటికే ఉంటే ఏమీ చేయొద్దని. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి, ఎస్‌క్యూలైట్ 3.24 నుంచి ఇది ఉంది. ఎస్‌క్యూలైట్‌లో పాత ‘ఇన్సర్ట్ ఆర్ ఇగ్నోర్’ కూడా నడుస్తుంది కానీ అది ఖాళీ ఉండకూడని కాలమ్ ఖాళీగా వచ్చినా నోరు మూసుకుంటుంది, వాడకపోవడమే మంచిది. ముందు సెలెక్ట్ చేసి లేకపోతే ఇన్సర్ట్ చేసే పద్ధతి అసలొద్దు. ఒకే బ్యాచ్ రెండు కనెక్షన్ల మీద ఒకేసారి వస్తే రెండూ ‘లేదు’ అనే చూస్తాయి.

కమిట్ అయ్యాకే, అంటే డేటాబేస్‌లో ఖరారయ్యాకే, జవాబు ఇవ్వాలి. మెమరీలో క్యూలో వేసుకుని ‘అందింది’ అన్నాక సర్వర్ ఆగిపోతే, పరికరం అప్పటికే తన దగ్గరున్న ప్రతిని చెరిపేసి ఉంటుంది. జవాబులో ఎన్ని కొత్తవి, ఎన్ని నకళ్లు, ఏ వరుస సంఖ్యలు ఏ కారణంతో తిరస్కరించాం అన్నవి చెప్పండి.

తిరస్కరణ విషయంలో ఎక్కువమంది జారేది ఇక్కడే. 60 రీడింగుల బ్యాచ్‌లో ఒకటి చెడ్డదైతే మొత్తానికి 400 (పంపింది తప్పు అనే కోడ్) ఇచ్చేస్తారు. పరికరం మళ్లీ పంపుతుంది, మళ్లీ 400. ఆ ఒక్క రీడింగ్ క్యూ తలలో ఇరుక్కుంటుంది, వెనక వేలు పేరుకుపోతాయి, చివరికి బఫర్ నిండి మంచివి పోతాయి. బాగున్నవి తీసుకుని 200 (సరే అనే కోడ్) ఇవ్వండి, చెడ్డవాటి వరుస సంఖ్యలు జవాబులో చెప్పండి. పరికరం వాటిని కూడా క్యూలోంచి తీసేసి, తిరస్కరణ లెక్క ఒకటి పెంచుకుంటుంది. జేసన్ అసలు చదవడానికే రాకపోతేనే 400. ఇందుకు మామూలుగా కారణం సెన్సర్ విఫలమైనప్పుడు లైబ్రరీ ఇచ్చే ‘సంఖ్య కానిది’ అనే విలువ. జేసన్‌లో దానికి చోటు లేదు. స్ట్రింగులు అతికించి జేసన్ తయారుచేసే కోడ్ దాన్ని అలాగే రాసేస్తుంది, బ్యాచ్ మొత్తం చెడుతుంది. పరికరంలోనే పట్టుకుని, విలువ లేకుండా లోపం కోడ్‌తో పంపండి.

జవాబు కోడ్‌ని బట్టి పరికరం ఏం చేయాలో ఫర్మ్‌వేర్‌లో తేలిపోయి ఉండాలి:

- 200 వరుస: పంపిన బ్యాచ్‌ని క్యూలోంచి తీసేయాలి.
- 400: బ్యాచ్‌ని సగానికి విడగొట్టి విడివిడిగా పంపాలి. ఒకే రీడింగ్ మిగిలినా 400 వస్తే దాన్ని పక్కన పడేయాలి.
- 401, 403, 404: కీ లేదా అడ్రస్ తప్పు. రీడింగులు దాచుకుంటూ గంటకోసారి మాత్రమే ప్రయత్నించాలి.
- 413: బ్యాచ్ పెద్దదైంది, సగం చేయాలి.
- 429: మరీ ఎక్కువసార్లు పంపుతున్నట్టు. ‘రీట్రై ఆఫ్టర్’ హెడర్‌లో చెప్పినంత సేపు ఆగాలి.
- 500 వరుస (సర్వర్‌లో లోపం), టైమ్‌ఔట్: ఆగి మళ్లీ.

‘ఆగి మళ్లీ’ అంటే 2 సెకన్లు, 4, 8, 16 అంటూ రెట్టిస్తూ 300 దగ్గర ఆపడం, ప్రతిదానికీ కొంత యాదృచ్ఛిక ఆలస్యం కలపడం. కరెంటు పోయి వచ్చినప్పుడు 200 బోర్డులు ఒకే సెకనులో లేస్తాయి. యాదృచ్ఛికం లేకపోతే అవన్నీ ఒకే సెకనులో విఫలమై ఒకే సెకనులో తిరిగి వస్తాయి. మామూలు రోజుల్లో కూడా అందరూ నిమిషం మొదటి సెకనుకే పంపకుండా, పరికరం నంబర్‌ని 60తో భాగించిన శేషం ఎంతో ఆ సెకనుకి పంపేలా చేయండి. కొలవడం మాత్రం అన్నీ ఒకే సమయానికి కొలవొచ్చు.

కీల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పరికరానికో కీ (రహస్య గుర్తింపు పదం), ఆథరైజేషన్ హెడర్‌లో. అడ్రస్‌లో ప్రశ్నగుర్తు తర్వాత పెడితే ప్రతి సర్వర్ లాగ్‌లోనూ చేరుతుంది. డేటాబేస్‌లో కీ హ్యాష్ (వెనక్కి కీగా మార్చలేని రూపం) మాత్రమే ఉంచండి. పంపే కీతో చదవడం కుదరకూడదు. కీ ఏ పరికరానిదో, బ్యాచ్‌లోని నంబర్ కూడా అదేనా అని చూడడం మరవకండి.

పరికరంలోని క్యూ

కొలవడం, పంపడం రెండూ వేర్వేరు పనులుగా నడవాలి. ఒకే లూప్‌లో ఉంటే సర్వర్ జవాబు కోసం 15 సెకన్లు ఎదురుచూసినప్పుడు ఆ 15 సెకన్ల కొలతలు ఉండవు. కొలిచేది క్యూలో వేస్తుంది, పంపేది క్యూలోంచి తీస్తుంది, అంతే.

బైనరీగా దాచితే ఒక రికార్డుకి 18 బైట్లు చాలు: సెన్సర్ 2, బూట్ 4, వరుస 4, సమయం 4, విలువ 4. సర్దుబాటుకి 20 అనుకుందాం. ఒక మెగాబైట్ ఫ్లాష్ విభాగంలో 52,000 పైచిలుకు పడతాయి. 4 సెన్సర్లు నిమిషానికోసారి అంటే రోజుకి 5,760, కాబట్టి సుమారు తొమ్మిది రోజులు. ఫైల్ సిస్టమ్ తినేది తీసేసి ఎనిమిది అనుకోండి.

ఫ్లాష్ సెక్టర్ మామూలుగా లక్ష చెరిపివేతలకు హామీ ఉన్నది. ప్రతి రీడింగ్‌కీ ఫైల్ తెరిచి రాసి మూస్తే ఆ లెక్క త్వరగా కరుగుతుంది. నెట్ బాగున్నంతసేపు ర్యామ్‌లోనే ఉంచి, పంపడం విఫలమయ్యాక పదేసి చొప్పున ఫ్లాష్‌లోకి దించండి. కరెంటు పోతే ఆ చివరి పది పోతాయి. అది కూడదనుకుంటే ఎఫ్‌ర్యామ్ చిప్ (కరెంటు పోయినా నిలిచి, ఫ్లాష్‌లా త్వరగా అరగని మెమరీ) వాడాలి.

బఫర్ నిండితే పాతవి పారేయాలా, కొత్తవా? ఉష్ణోగ్రత, తేమ లాంటి వాటికి పాతవాటిలో ఒకటి విడిచి ఒకటి తీసేయడం మేలు. మొత్తం కాలం పలచగా అయినా మిగులుతుంది. మీటర్లకు ఈ బాధే లేకుండా చేయొచ్చు: ‘ఈ నిమిషంలో 3 పల్సులు’ అని కాక ‘మొదలైనప్పటి నుంచి 18,442’ అని మొత్తం పంపండి. మధ్యలో పది రీడింగులు పోయినా చివరిదాంట్లోంచి మొదటిది తీసేస్తే వాడకం తెలుస్తుంది. కౌంటర్ తగ్గితే అది రీసెట్టా, 32 బిట్లు పొంగిందా అన్న సందేహం వస్తుంది. బూట్ సంఖ్య మారి ఉంటే రీసెట్, మారకపోతే పొంగింది.

నెట్ తిరిగి వచ్చాక ముందు ఇప్పటి బ్యాచ్ ఒకటి పంపి, తర్వాత పాతవాటిని 60 చొప్పున పంపండి. తెర చూసేవాళ్లకు ఇప్పటి విలువ వెంటనే కనిపిస్తుంది. ఒక హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ తెరవడం చిన్న చిప్‌కి సమయంలోనూ మెమరీలోనూ ఖరీదైన పని, కాబట్టి పాత బ్యాచ్‌లన్నీ ఒకే కనెక్షన్ మీద పంపండి. ఇక్కడ సర్వర్ వైపు ఒక ఉచ్చు ఉంది. ‘చివరి విలువ’ అని వేరే టేబుల్‌లో దాచేవాళ్లు, ఇప్పుడే అందినదాన్ని చివరిదిగా రాసేస్తారు. పాత బ్యాచ్ రాగానే తెర మీద నిన్నటి ఉష్ణోగ్రత ప్రత్యక్షమవుతుంది. కొలిచిన సమయం కొత్తదైతేనే మార్చాలి.

సెన్సర్లు చెప్పే అబద్ధాలు

ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 సెన్సర్‌కి కరెంటు అందగానే దాని రిజిస్టర్‌లో 85 డిగ్రీలు ఉంటుంది. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్లు పడుతుంది. అంతకుముందే చదివినా, మధ్యలో కరెంటు తగ్గి అది రీసెట్ అయినా 85 వస్తుంది. తీగ ఊడితే సాధారణంగా వాడే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. మైనస్ 127ని నిస్సందేహంగా లోపం అనొచ్చు. 85 అలా కాదు, వేడినీటి గొట్టం మీద అది నిజమే కావొచ్చు. ముందు రీడింగ్‌కి దూరంగా, ఒంటరిగా, కచ్చితంగా 85.0 వస్తేనే అనుమానించండి. డేటా తీగకు 4.7 కిలోఓమ్ పుల్‌అప్ రెసిస్టర్ లేకపోయినా, తీగ బాగా పొడవైనా ఈ రెండూ తరచూ కనిపిస్తాయి.

డీహెచ్‌టీ22ని రెండు సెకన్ల లోపు మళ్లీ చదవకూడదు. ఈఎస్‌పీ32లో రెండో ఏడీసీకి (వోల్టేజీని సంఖ్యగా మార్చే భాగం) చెందిన పిన్‌లు వైఫై నడుస్తున్నప్పుడు పనిచేయవు. బల్ల మీద వైఫై లేకుండా బాగా చదివిన నేల తేమ సెన్సర్ ఏపీఐ కోడ్ కలపగానే చెడిపోయిందంటే ముందు పిన్ చూడండి. 32 నుంచి 39 వరకు ఉన్నవి మొదటి ఏడీసీవి, అవి వాడాలి. ఆ ఏడీసీ 0 కానీ 4095 కానీ కదలకుండా ఇస్తుంటే అది కొలత కాదు, తీగ తెగడమో షార్ట్ కావడమో.

సర్వర్‌లో మూడు పరీక్షలు పెట్టండి: హద్దులు దాటిందా, గత రీడింగ్ నుంచి నమ్మలేనంత దూకిందా, గంటల తరబడి చివరి దశాంశంతో సహా మారలేదా. విఫలమైనదాన్ని చెరపకండి, నాణ్యత గుర్తు వేసి ఉంచండి. సగటుల్లోకి, గ్రాఫుల్లోకి అది రాకుండా చదివే వైపు ఆపితే చాలు. ఒక సెన్సర్ ఎప్పటి నుంచి చెడడం మొదలైందో ఆ గుర్తులే చెబుతాయి.

చదివే ఎండ్‌పాయింట్

సెన్సర్, మొదలు, చివర, ఎంత సూక్ష్మంగా (ప్రతి రీడింగా, గంటకో సారాంశమా) కావాలి అన్న నాలుగు అడగండి. మొదలు కలుపుకుని, చివర కలపకుండా ఇవ్వండి. రెండూ కలిపితే అర్ధరాత్రి రీడింగ్ రెండు రోజుల్లోనూ లెక్కకొస్తుంది. పేజీలకు ఆఫ్‌సెట్ వాడితే వెయ్యో పేజీకి డేటాబేస్ ముందున్నవన్నీ దాటుకుంటూ రావాలి, పైగా మధ్యలో పాత బ్యాచ్ చేరితే పేజీలు జరుగుతాయి. చివరగా ఇచ్చిన రీడింగ్ సమయాన్నీ ఐడీనీ కర్సర్‌గా ఇచ్చి, అక్కణ్నుంచి ముందుకు వెళ్లండి.

ఏడాది గ్రాఫ్‌కి అయిదు లక్షల బిందువులు పంపడం వృథా, తెర వెడల్పు రెండు వేల పిక్సెళ్లు ఉంటే ఎక్కువ. గంటకో సారాంశం తయారుచేసి ఉంచండి: కనిష్ఠం, గరిష్ఠం, మొత్తం, ఎన్ని రీడింగులు. సగటు దాచొద్దు. 60 రీడింగులున్న గంట సగటునీ 4 మాత్రమే ఉన్న గంట సగటునీ కలిపి సగం చేస్తే రోజు సగటు తప్పవుతుంది. మొత్తం, లెక్క ఉంటే ఎప్పుడైనా సరైన సగటు వస్తుంది. గాలి దిశకు ఇది కూడా కుదరదు: 350, 10 డిగ్రీల సగటు 180 వస్తుంది, గాలి వీచింది ఉత్తరం నుంచి. సైన్, కొసైన్‌ల మొత్తాలు దాచి వాటి నుంచి కోణం తీయాలి.

ఆలస్యంగా వచ్చిన బ్యాచ్ పాత గంటల సారాంశాలను మారుస్తుంది. ఇన్సర్ట్ చేసినప్పుడు ఏయే గంటలు తాకాయో గుర్తుపెట్టుకుని వాటిని రీడింగుల నుంచి మళ్లీ లెక్కించండి. ఉన్న మొత్తానికి కలుపుకుంటూ పోతే నకలు వచ్చినప్పుడు మళ్లీ మొదటి సమస్యే.

రీడింగులు లేని చోట గీత కలపకూడదు. రావాల్సిన వ్యవధికి మూడింతలు దాటి ఖాళీ ఉంటే జవాబులో ఒక నల్ విలువ (ఏమీ లేదనే గుర్తు) పెట్టండి. గ్రాఫ్ లైబ్రరీల్లో ఎక్కువ భాగం అక్కడ గీత తెంపుతాయి.

అలర్టులు

ఉష్ణోగ్రత పెరిగితే అలర్ట్ పెట్టడం అందరికీ గుర్తుంటుంది. సెన్సరే మాట్లాడకపోతే అలర్ట్ రావాలన్నది మరిచిపోతారు. నిమిషానికోసారి ఒక పని నడిపి, చివరి రీడింగ్ వ్యవధికి మూడింతలు దాటినవాటిని పట్టుకోండి. ఒక పరికరం సెన్సర్లన్నీ ఒకేసారి ఆగితే సెన్సర్‌కొకటి కాక పరికరానికి ఒకే సందేశం వెళ్లాలి.

ఎక్కే హద్దు, దిగే హద్దు వేరుగా ఉంచండి: 40కి మోగితే 38కి దిగాక ఆగాలి. రెండూ 40 అయితే 39.9, 40.1 మధ్య ఊగుతూ రాత్రంతా సందేశాలు వస్తాయి. కొలిచి పది నిమిషాలు దాటిన రీడింగులకు అలర్ట్ పంపకండి, నెట్ వచ్చినప్పుడు నిన్నటి వేడికి ఇవాళ ఫోన్ మోగుతుంది.

బిగించే ముందు పరీక్ష

ఒకే బ్యాచ్‌ని కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి వెబ్ అభ్యర్థనలు పంపే సాధనం) రెండుసార్లు పంపండి. రెండోసారి కొత్తవి 0, నకళ్లు అన్నీ అని రావాలి. కమిట్‌కీ జవాబుకీ మధ్య 30 సెకన్ల ఆలస్యం తాత్కాలికంగా పెట్టి, పరికరం టైమ్‌ఔట్ అయి మళ్లీ పంపేలా చేయండి. రౌటర్‌ని గంటసేపు ఆపండి. అదే సమయంలో బోర్డు కరెంటు కూడా ఒకసారి తీసి పెట్టండి, అప్పుడు రెండు బూట్లు ఒకే క్యూలో కలుస్తాయి. సెన్సర్ తీగ పీకండి. ఎన్‌టీపీ పోర్ట్ 123ని అడ్డుకుని బోర్డుని మొదలుపెట్టి, పది నిమిషాల తర్వాత తెరవండి.

ఆ తర్వాత ప్రతి పరికరానికీ, ప్రతి బూట్‌కీ అతి చిన్న వరుస, అతి పెద్ద వరుస, రికార్డుల లెక్క తీయండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసి ఒకటి కలిపితే రికార్డుల లెక్క రావాలి. తక్కువ వస్తే ముందు తిరస్కరణల లాగ్ చూడండి. అక్కడా లేకపోతే, తప్పిపోయిన వరుసలు ఎక్కడున్నాయో చూడండి. బ్యాచ్ పరిమాణంలో గుంపుగా పోతే జవాబు రాకముందే క్యూ చెరుపుతున్నట్టు. అయితే ఒక బూట్‌లో చివరి రీడింగులు పోతే ఈ లెక్కకు దొరకవు, పెద్ద వరుస ఏదో సర్వర్‌కి తెలియదు కాబట్టి. వాటి కోసం ఒక బూట్ చివరి సమయానికీ తర్వాతి బూట్ మొదటి సమయానికీ మధ్య ఖాళీ ఎంతో చూడాలి. అక్కడ పదిలోపు పోతే అవి కరెంటు తీసినప్పుడు ర్యామ్‌లో ఉన్నవి, మునుపు ఒప్పుకున్న నష్టమే.